కింద పెట్టని సిర్ర

పోయిన వారం మంజులను మనం సిరిసిల్ల బస్టాండులో వదిలాం. ఒక కాలు కోరుట్ల బస్సు మెట్టు మీద, ఒక కాలు ఇంకా నేల మీద. ఒక చేతిలో ఆరేళ్ళ మెర్సి చెయ్యి, భుజాన బీడీల సంచి. సంచి అడుగున, తునికాకు కట్ట కింద, పాత తువ్వాలలో చుట్టిన జానెడు కట్టె. అది ఆమె తండ్రి సామేలు డప్పు కొట్టే సిర్ర. ఏడు వారాల కిందట కోరుట్ల అంగడిలో మాయమైన ఆ సిర్రను ఎత్తుకొచ్చింది బయటివాళ్ళెవరో కాదు, కన్నబిడ్డే.

ఆ కట్టెముక్కకు అంత విలువ ఎందుకో తెలియాలంటే సామేలు పద్ధతి తెలియాలి. ఆయన తాతలనాటి నుంచి ఊరి చాటింపు ఇంటివాడు. ఎడ్లు తప్పిపోయినా, పొలం చేతులు మారినా డప్పు కొట్టి చాటి, చివరన "అడ్డమున్నోళ్ళు ఇప్పుడే చెప్పుండ్రి" అని ఆగడం ఆ ఇంటి నియమం. యేసును నమ్ముకున్నాక ఊరి చాటింపు మానాడు గాని ఆ నియమం మానలేదు. ఇరవై ఏడేళ్ళుగా అంగడి రోజున మిరపకాయల వరుస పక్కన నిలబడి వాక్యం చెబుతాడు. చెప్పడం అయ్యాక సిర్రను నేలమీద పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడు. అడ్డం చెప్పదలచిన వాళ్ళు వచ్చి ఆ సిర్ర తీసుకోవాలి. అది వాళ్ళ చేతిలో ఉన్నంతసేపు తిట్టినా, వెక్కిరించినా సామేలు నోరు విప్పడు. వాళ్ళు కింద పెట్టాకే ఆయన జవాబు.

మంజులకు ఆ నియమం పాలతోపాటు వచ్చిన చదువు. అందుకే ఆయన కళ్ళు మూసుకున్నప్పుడు దాన్నే ఎత్తుకొచ్చింది. జగిత్యాల బస్టాండు దగ్గర పోరగాళ్ళు సామేలును వెనకనుంచి తోసి పన్ను విరగ్గొట్టిన వీడియో ఫోన్లలో తిరిగి తిరిగి తంగళ్ళపల్లిలో ఆమె గడపదాకా వచ్చింది. బడిలో పిల్లలు మెర్సిని చూసి ముందు పన్ను మీద వేలు పెట్టి నవ్వారు. ఈసారి పన్ను, రేపు ప్రాణమైతే? సిర్ర లేకపోతే బాపు ఇంటిపట్టున ఉంటాడనుకుంది.

ఉండలేదు. "ఎవ్వలో సిర్ర పట్టుకున్నరు. ఇంక కింద పెట్టలే. అంటే వాళ్ళ వంతు అయిపోలే" అన్నాడట సామేలు. ఏడు వారాలుగా ప్రతి అంగడి రోజూ అదే జాగాలో, మెడలో డప్పుతో, మూసిన నోటితో, పొద్దుగూకేదాకా నిలబడుతున్నాడు.

బస్సు కదిలింది. మంజుల రెండో కాలు కూడా పైకి తీసుకుంది.

వేములవాడ దాటేదాకా ఆమె మెర్సి నుదుటి మీద చెయ్యి తీయలేదు. రాత్రి పిల్లకు ఒళ్ళు కాస్త వెచ్చబడింది. ఇంట్లో వదిలివద్దామంటే భర్త జీవన్ పొద్దున్నే బట్టలు నేసే సాంచాల కార్ఖానాకు పోయాడు. అసలు భయం మాత్రం సంచిలో ఉంది. ఒకసారి సంచిని సీటు కిందికి తోసింది. మరిచిపోయినట్టు దిగిపోతే? కథలాపూర్ దగ్గర మళ్ళీ పైకి తీసి ఒళ్ళో పెట్టుకుంది. తువ్వాల మీదనుంచే ఆ కట్టె ఆమె తొడకు ఒత్తుకుంటూ వచ్చింది.

కోరుట్ల అంగడిలో మొదట పలకరించింది మిరపకాయల బాలవ్వ.

"ఓ మంజులా! పిల్లను ఎండల వెట్టుకోని అచ్చినవా? సూడు మీ బాపును. చేన్ల బెదురుబొమ్మ లెక్క నిలవడ్డడు. నా మిరపకాయల మీద పిట్ట గూడ వాలుతలేదు."

పక్కన ఉల్లిగడ్డలమ్మే ఆమె నవ్వబోయింది. బాలవ్వ నవ్వలేదు.

"మొదటి వారం నవ్వినం బిడ్డా. రెండో వారం పోరగాండ్లు ముంగట డాన్సు జేసిండ్రు. గిప్పుడు ఎవ్వలకు నవ్వస్తలేదు. పొద్దటిసంది గుక్కెడు నీళ్ళు తాగలే ముసలాయన. నేను పోసిస్తె చెయ్యి అడ్డం వెట్టిండు."

మంజుల చూసింది. ఏడు వారాల్లో మనిషి ఇంత తగ్గుతాడా? మెడ ఎముకల మధ్య డప్పు తాడు దిగబడి ఉంది. ఎడమ చేతిలో డప్పు మీద ఆనించే సన్నటి సిటికెన పుల్ల. కుడి చెయ్యి ఖాళీగా, వేళ్ళు మాత్రం ఏదో పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. ఆ వంపు చూడలేక తల తిప్పుకుంది.

ఎదురుగా గొడుగులు, స్టవ్వులు బాగుచేసే ఖుర్షీద్ కొట్టు. కొట్టంటే నాలుగు కర్రల మీద ఒక తార్పాలిన్. ఇరవై ఏళ్ళుగా ఆ సిర్రను అందరికంటే ఎక్కువసార్లు పట్టుకున్న చెయ్యి ఆయనదే. సామేలు చెప్పడం, ఖుర్షీద్ లేచి వచ్చి అడ్డం తగలడం, ఇద్దరి వాదం వినడానికి జనం మూగడం, ఆ మూగినవాళ్ళలో నలుగురు విరిగిన గొడుగులు ఇచ్చిపోవడం. అంగడికి అదొక అలవాటు.

"రా బిడ్డా, రా. నీడకు కూసో" అని స్టూలు జరిపాడు. "మీ బాపు నోరు మూసినకాడికెళ్ళి నాకు గిరాకి బందయింది. కొట్లాట లేంది గొడుగు ఎవ్వడిస్తడు?" నవ్వి, గొంతు తగ్గించాడు. "నీకొకటి సూపెడ్త. ఎవ్వలకు చెప్పకు."

తను కూచునే గోనెపట్టా కింది నుంచి ఒక కట్టె తీశాడు. రేగు కట్టె. జానెడు. నూనె రాసి, మసి రాసి, ఇటుక పొడితో రుద్ది పాతబడేట్టు చేసింది.

"పదిహేను దినాలు చెక్కిన. గియ్యాల పోయి, నేనే ఎత్తుకపోయిన సామేలన్నా, మాఫ్ చెయ్యి, గిదిగో కింద పెడుతున్న అంట. మనిషి బతుకుతడు గదా. నువ్వు చిన్నప్పటికెళ్ళి సూసినవ్ గద గా సిర్రను, చెప్పు, గట్లనే ఉన్నదా? మొదలుకాడ దానికున్నట్టె పంటి గాట్లు గూడ పెట్టిన. నేనే కొరికిన. ఉన్న నాలుగు పండ్లల్ల ఒకటి కదిలింది."

మంజుల ఆ కట్టెను చేతిలోకి తీసుకుంది. అసలుది ఆమె ఒళ్ళోనే ఉంది, రెండు పొరల గుడ్డ కింద. "గట్లనే ఉన్నది చాచా" అంది. కట్టెను తిరిగి ఇచ్చేసింది.

కింద డబ్బామీద ఖుర్షీద్ పాత బటన్ల ఫోను ఉంది. దాన్ని చూడగానే ఆమెకు నాలుగేళ్ళ కిందటి సంగతి ఒకటి మెదిలింది. జగిత్యాల దవాఖానా వరండా. అప్పుడు తండ్రి కోసం ఈ ఫోనుకే చేసింది. సామేలుకు ఫోను లేదు. "మీ బాపు జనం నడుమ వాక్యం చెప్తున్నడు బిడ్డా, అయిపోంగనే తోలిస్త" అన్నాడు ఖుర్షీద్ చాచా. ఆ మెదిలిన దాన్ని ఎప్పటిలాగే లోపలికి తోసేసింది. పిల్లకు నీళ్ళు తాగించింది.

ఖుర్షీద్ లేచాడు. లుంగీ సర్దుకుని, కట్టెను వీపు వెనక దాచి, వెళ్ళి సామేలు ముందు నిలబడ్డాడు. అంగడి అంతా అటు తిరిగింది.

"సామేలన్నా! నేనే. నేనే తీసిన. ఏడు వారాలసంది మాటలు దొరకక పట్టుకోని తిరిగిన. గిదిగో."

సామేలు కట్టె అందుకున్నాడు. బొటనవేలితో మొదలు తడిమాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆ వేలు పంటి గాట్ల దగ్గర ఆగింది. ఆయన ముఖంలో నవ్వు పుట్టింది. విరిగిన పన్ను సందు కనిపించేంత నవ్వు. కళ్ళలో మాత్రం నీళ్ళు. ఖుర్షీద్ గడ్డం పట్టుకుని తల అడ్డంగా ఊపాడు, కట్టె తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు, వేళ్ళు మూశాడు. తన చెయ్యి మళ్ళీ కిందికి, అదే వంపులో వేలాడింది.

"పెద్ద పండ్లయినయి" అని గొణుక్కుంటూ వచ్చాడు ఖుర్షీద్. "నా పండ్లు పెద్దగయినయి. థత్."

సామేలు అప్పుడే మనవరాలిని చూశాడు. మెర్సి పరుగెత్తిపోయి కాళ్ళకు చుట్టుకుంది. "తాతా, నువ్వు మూగోనివైనవా?" ఆయన పిల్లను ఎత్తుకుని తార్పాలిన్ నీడకు వచ్చాడు. జాగా దాటితే మాట్లాడొచ్చు. నియమం ఆ జాగా వరకే.

"పిల్ల ఒళ్ళు వెచ్చగున్నది. గీ ఎండల ఎందుకు తెచ్చినవ్ బిడ్డా?" ఇదీ మొదటి మాట.

"నిన్ను సూడనీకె అచ్చిన. గిదేంది బాపూ? గిట్ల నిలవడి సస్తవా? ఇంకో సిర్ర చెక్కుకుంటె అయిపాయె గద!"

"సిర్ర కోసమా నేను నిలవడ్డది?" చెంబు నీళ్ళు తాగి, మూతి తుడుచుకున్నాడు. "అడ్డమున్నోళ్ళు చెప్పుండ్రి అని అడిగిన. ఎవ్వలో ఉన్నదని పట్టుకున్నరు. ఇనకుండనే ఇంకో కట్టె తెచ్చి మొదలువెడితె, గిన్నేండ్లసంది నేను అడిగింది ఉత్తదే అన్నట్టు."

"దొంగలు ఎత్తుకపోయిండ్రేమో."

"దొంగ డప్పు ఎత్తుకపోతడు. సిర్ర ఏం జేసుకుంటడు? లేదు బిడ్డా. మాటలల్ల పట్టని అడ్డం ఏదో ఉన్నది వాళ్ళకు. దాన్ని మోసుకోని తిరుగుతున్నరు. పాపం. దినాం లేవంగనే మొదాలు వాళ్ళ కోసమే ప్రార్థన చేస్తున్న. నీ పేరు కన్న ముంగట."

మంజుల సంచిని పొట్టకు ఒత్తుకుంది. కోపమే ఆమెకు దిక్కయింది.

"జగిత్యాలల కొట్టిండ్రు గద, గది గూడ మంచి అడ్డమేనా? గదానికి గూడ దండం పెడ్తవా?"

"కొట్టుడు అడ్డం గాదు. అడ్డం చెప్పేటోడు ముంగటికెళ్ళి అస్తడు, కండ్లల్ల కండ్లు వెట్టి అడుగుతడు. గా పోరగాండ్లు ఎనుకకెళ్ళి అచ్చిండ్రు. పన్ను పోయినందుకు ఏడ్వలే నేను. గంతమందిల ఒక్కడన్న ఒక్క మాట అడగకపాయె అని ఏడ్చిన." ఖుర్షీద్ వైపు చెయ్యి చూపాడు. "గాలి లేనినాడు వడ్లు తూర్పార వట్టినమా ఎన్నడన్న? పొల్లు తిరిగి గింజల మీదనే పడుతది. నా మాటలల్ల పొల్లెంతో నాకెట్ల తెలుస్తది, గీ భాయ్ అసొంటోడు గాలి ఇసరకుంటె?"

"మంచిగున్నది" అన్నాడు ఖుర్షీద్ గొడుగు పుల్ల వంచుతూ. "ఎప్పుడు జూసినా గాలి నేను, గింజ నువ్వు."

సామేలు నవ్వలేదు. మెర్సి జుట్టు సవరించాడు. తర్వాత అన్నాడు:

"గా సిర్ర మొట్టమొదాలు పట్టుకున్నది ఎవ్వలో ఎరుకేనా నీకు? మీ అవ్వ."

మంజుల తలెత్తింది. తల్లి దేవవ్వ చనిపోయిన ఈ నాలుగేళ్ళలో ఆమె గురించి తండ్రి తనంతట తాను ఎత్తిన మొదటి మాట ఇదే.

"బాప్తిస్మం తీసుకున్న కొత్తల. పనిపాట ఇడిసి దినాం వాడల నిలవడి చాటుతున్న. దేవుడు అన్ని ఇస్తడు అంటున్న. నువ్వు ఎనిమిది నెలల పిల్లవు. దేవవ్వ నిన్ను సంకల వెట్టుకోని అచ్చి నా చేతులకెళ్ళి సిర్ర గుంజుకున్నది. 'అయ్యల్లారా, గీయన చెప్పేది ఇనుండ్రి. గీయన పొయ్యి మీద మూడొద్దులసంది కుండెక్కలేదని గూడ ఇనుండ్రి' అన్నది. వాడంత నవ్వింది. నాకు భూమిల కూరుకపోయినట్టయింది. తెల్లారి కూలికి పోయిన. గప్పటికెళ్ళి వాక్యం అంగడొక్కనాడే. గా దినం మీ అవ్వ అడ్డం చెప్పకుంటె, దేవుని పేరు చెప్పుకోని సోమరోన్ని అయిపోతుంటి నేను." ఆయన తన ఖాళీ కుడి చేతిని చూసుకున్నాడు. "అది అట్ల కొట్లాడుకుంట ఉంటె, దాని చేతుల సిర్రను నువ్వు కొరుక్కుంట కూసున్నవ్. కొత్త పండ్లు. సిర్ర మీది గాట్లు గవ్వే. గందుకే భాయ్ కట్టె నన్ను మోసం చెయ్యలే."

ఆయన పిల్లను మంజుల ఒడిలో పెట్టి లేచాడు. డప్పు సర్దుకుని, ఎండలోకి, తన జాగాకు నడిచాడు. నాలుగడుగులు వేసి ఒకసారి తూలాడు. ఎవరూ పట్టుకోకముందే నిలదొక్కుకున్నాడు.

మంజుల చెయ్యి సంచిలోకి పోయింది. తువ్వాల విప్పింది. వేలికి ఆ గాట్లు తగిలాయి. రెండు పైన, రెండు కింద. మెర్సికి పాలపళ్ళు వచ్చేటప్పుడు తన వేలిమీద పడిన గాట్లు సరిగ్గా ఇంతే ఉండేవి.

"చాచా, పిల్లను జర చూడు."

ఖుర్షీద్ ఆమె చేతిలోది చూశాడు. గొడుగు ఒళ్ళోంచి జారింది.

మిరపకాయల వరుస దాటి ఆమె తండ్రి ముందు నిలబడింది. కుడి చెయ్యి పైకెత్తింది. మొదట బాలవ్వ చూసి "అయ్యో నా తల్లో" అంది. తర్వాత ఒకరొకరే మూగారు. నాలుగు ఫోన్లు లేచాయి. రేపటికల్లా ఇది తంగళ్ళపల్లి చేరుతుంది, కార్ఖానా చేరుతుంది, మెర్సి బడి చేరుతుంది. అన్నీ తెలుసు ఆమెకు. అయినా చెయ్యి దించలేదు. నిలబడింది.

సామేలు సిర్రను చూశాడు, బిడ్డను చూశాడు. "బిడ్డా" అంటాడనుకుంది. కనీసం తిడతాడనుకుంది. ఆయన మెడలోంచి డప్పు తీసి పక్కన పెట్టాడు. చేతులు కట్టుకున్నాడు. ఎవరు సిర్ర పట్టినా ఎలా నిలబడతాడో, సొంత బిడ్డ ముందూ అలాగే వినడానికి నిలబడ్డాడు.

"నాకు అడ్డమున్నది బాపూ" అంది. "నిన్ను కొట్టిండ్రని, నా పిల్లను ఏడ్పిస్తున్నరని ఎత్తుకపోయిన అనుకున్న. గది అబద్దం గాదు. గని గదే గాదు."

నాలుగేళ్ళుగా లోపలికి తోస్తూ వచ్చింది ఇప్పుడు తోసినకొద్దీ పైకే వస్తోంది.

"జగిత్యాల దవాఖానల అవ్వకు ఆఖరు దినం. అంగడి దినమే. 'మీ బాపును పిలువు, ఒక్కసారి సూస్త' అన్నది. చాచాకు ఫోన్ జేసిన. వాక్యం చెప్తున్నడు అన్నడు. అవ్వ దర్వాజ దిక్కు సూసింది. మల్ల అడిగింది. వస్తున్నడవ్వా అన్న. మల్ల సూసింది. గట్ల సూసుకుంట సూసుకుంటనే పోయింది బాపూ. కండ్లు నేను మూసిన. నువ్వు చీకటి పడ్డంక అచ్చినవ్. డప్పు మెడలనే ఉండె." ముక్కు, కళ్ళు కొంగుతో తుడుచుకుంది. "ఎవ్వలో తెలువని జనానికి గిన్నేండ్లు చెప్పినవ్. నిన్ను నిలవెట్టి మనిషిని జేసిన నీ దేవవ్వకు ఒక్క మాట చెప్పనీకె రాకపోతివి. గదీ నా అడ్డం."

ఎత్తిన ఫోన్లలో రెండు మెల్లగా దిగిపోయాయి.

మంజుల వంగి, సిర్రను తండ్రి కాళ్ళ ముందు పెట్టింది. ఏడు వారాల తర్వాత అది మళ్ళీ నేలకు తగిలింది. ఇప్పుడు వంతు ఆయనది.

సామేలు దాన్ని తీసుకోలేదు. తీసుకోకుండానే, ఎండిన పెదాలు తడుపుకుని నోరు తెరిచాడు.

"నీ అడ్డం నిజం బిడ్డా. మీ అవ్వ కాడ నేను లేను." ఊపిరి తీసుకున్నాడు. "గని గా దినం నేను గీడ గూడ లేను."

మంజులకు అర్థం కాలేదు. వెనక బాలవ్వ గొంతు, తనలో తాను అనుకుంటున్నట్టు: "అవు... దేవవ్వ పానం పోయిన అంగడినాడు గీ జాగ ఉత్తగనే ఉండె. నేనే అక్కడ మిరపకాయలు ఎండబోసిన."

సామేలు బిడ్డను చూడటం లేదు. ఆమె భుజం మీదుగా తార్పాలిన్ కింది మనిషిని చూస్తున్నాడు.

"ఖుర్షీద్ భాయ్. నాలుగేండ్లాయె. బిడ్డ అడుగుతున్నది. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

చంకలో మెర్సితో ఖుర్షీద్ అప్పటికే జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు. మెర్సిని దింపి, ముసలి మోకాళ్ళ మీద దబ్బున కూలబడ్డాడు. సామేలు పెదాలు ఇంకో మాటకు తెరుచుకునేలోపే నేలమీది సిర్రను అందుకుని, రెండు చేతులతో గుండెకు అదుముకున్నాడు.

సిర్ర ఇప్పుడు ఇంకొకరి చేతిలో ఉంది; సామేలు నోరు మూతపడింది.

(మిగతాది వచ్చే వారం)